వాసన చూసి వెళ్లిపోయే కుక్కతో డ్రై ఫుడ్ తినిపించడం ఎలా

మా కర్రోడికి నాలుగేళ్లు, ఇరవై రెండు కిలోలు ఉంటాడు. సగం లాబ్రడార్, సగం నల్లగొండ వీధి కుక్క. పోయిన ఎండాకాలం వాడికి ఒక కొత్త అలవాటు పట్టింది. గిన్నెలో డ్రై ఫుడ్ పోసిన చప్పుడు వినగానే ఎక్కడున్నా ఉరికి వస్తాడు, ముక్కు పెట్టి ఒక్కసారి వాసన చూస్తాడు, తలెత్తి నా మొహం చూస్తాడు, తర్వాత తాపీగా పోయి గడప మీద గదవ ఆనించి పడుకుంటాడు. మా అమ్మ ఊరుకుంటుందా, "పాపం రా, ఆ ఎండు గోలీలు ఎట్ల తింటడు వాడు, ఇంత కూర కలిపి పెట్టు" అనేది. కలిపేవాళ్లం, తినేవాడు. రెండు రోజులకు ఆ పులుసు సరిపోయేది కాదు, తునకలు కావాలి. ఇంకో వారానికి గోలీలు పక్కకు నెట్టి ఉత్త తునకలే ఏరుకునేవాడు. మేం వాడికి తిండి అలవాటు చేస్తున్నాం అనుకున్నాం గానీ వాడే మాకు వంట పని అలవాటు చేశాడు.

మీ ఇంట్లో కూడా ఇదే నడుస్తుంటే కింద రాసిన వరుసలోనే వెళ్లండి. చాలామంది మొదటి రోజే చికెన్ కలిపేస్తారు, దాంతో అసలు కారణం ఏమిటో ఎప్పటికీ తెలియదు. పైన ఏదైనా కలపడం అనేది ఇందులో దాదాపు చివరి మెట్టు.

ముందు ఇది అలకా, జబ్బా తేల్చుకోండి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట తినకపోతే టెన్షన్ పడాల్సిన పని లేదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, అప్పుడు మనకే మధ్యాహ్నం అన్నం సయించదు, దానికి ఒంటి నిండా బొచ్చు. కానీ రోజంతా, అంటే ఇరవై నాలుగు గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు చూపించాలి. చిన్న కుక్కపిల్లలైతే అంతసేపు కూడా ఆగొద్దు, ఒక పూట గడిచి రెండో పూట కూడా వద్దంటే బయల్దేరండి. దాంతో పాటు వాంతులో రక్తపు విరేచనాలో ఉంటే అది పార్వో అనే ప్రాణాంతక వైరస్ జబ్బు కావచ్చు, గంటలు కూడా లెక్కే.

ఒక చిన్న పరీక్ష ఉంది. గోలీలు వద్దన్న కుక్క ఉడికిన గుడ్డు ముక్క చూపిస్తే ఎగిరి అందుకుంటుందా? అయితే అలకే అయి ఉండొచ్చు. ఇష్టమైనది కూడా వద్దంటోందా, నీరసంగా ఉందా, చిగుళ్లు గులాబీ రంగులో కాకుండా తెల్లగా పాలిపోయాయా? అప్పుడు చెవుల్లో, కాళ్ల వేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి, మా దిక్కు గోమార్లు అంటారు. పిడుదులతో వచ్చే జ్వరం మన ప్రాంతంలో కుక్కలకు చాలా మామూలు, దాని మొదటి గుర్తుల్లో తిండి మానేయడం ఒకటి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, కాబట్టి చెయ్యి పెట్టి చూసి జ్వరం అని మీరే తేల్చి ఇంట్లో ఉన్న మన జ్వరం గోలీ వేయకండి, అది కుక్కలకు ప్రమాదం. ఇంకో మాట, గిన్నె దగ్గరికి ఆశగా వచ్చి, ఒక గోలీ నోట్లో పెట్టుకుని కింద పడేస్తుంటే పళ్లు చూడండి. విరిగిన పన్నో, వాచిన చిగురో ఉంటే దానికి గట్టి గోలీ నమలడం నరకం.

ఇప్పుడు బ్యాగులో మీ ముక్కు పెట్టండి

ఇది నేను చాలా ఆలస్యంగా చేసిన పని. మనిషి నాలుక మీద సుమారు తొమ్మిది వేల రుచి మొగ్గలు ఉంటే కుక్కకు పదిహేడు వందలే. రుచి సంగతి దానికి అంతంత మాత్రమే, అది తినేది ముక్కుతోనే. డ్రై ఫుడ్ తయారుచేసేటప్పుడు పిండి ముద్దను వేడిలో ఒత్తి గోలీలుగా కోసి, ఎండబెట్టి, చివర్లో పైన కొవ్వు, రుచి ద్రావణాలు చల్లుతారు. కుక్కను పిలిచే వాసన ఆ పై పూతలోనే ఉంటుంది. బ్యాగు విప్పిన రోజు నుంచి గాలి, వేడి తగిలి పాడయ్యేది కూడా ఆ పూతే. మన ఇంట్లో పాత పల్లి నూనె కంపు ఎట్లా కొడుతుందో అట్లా కొడుతుంది.

నేను డబ్బులు కలిసొస్తాయని పదిహేను కిలోల బ్యాగు తెచ్చి, రేకుల షెడ్డులో ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి పెట్టాను. మే నెల. వాడు తినడం మానేసిన పది రోజులకు ఆ డ్రమ్ములో తల పెట్టి పీల్చి చూశాను, పెయింట్ డబ్బా మూత తీసినట్టు వచ్చింది వాసన. వాడు అలగలేదు, వాడు చెప్పింది నిజం!

అందుకే ఇట్లా చేయండి. మీ కుక్క నెల రోజుల్లో ఎంత తింటుందో అంతే కొనండి, విప్పిన బ్యాగు నాలుగు నుంచి ఆరు వారాల్లో అయిపోవాలి, ఎండాకాలం అయితే నేను మూడు వారాలకే లెక్క పెట్టుకుంటాను. డబ్బాలో కుమ్మరించకండి. కంపెనీ బ్యాగు లోపల కొవ్వును కాపాడే పొర ఉంటుంది, కాబట్టి బ్యాగును బ్యాగుతోనే మూతి గట్టిగా మడిచి, క్లిప్పు పెట్టి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో దించండి. డబ్బాలోనే పోసి వాడితే అడుగున పాత నూనె పేరుకుని కొత్త తిండిని కూడా కంపు చేస్తుంది. ఇరవై ఏడు డిగ్రీల లోపు చోట పెట్టమని చెబుతారు, మే నెలలో నల్లగొండలోనో వనపర్తిలోనో ఏసీ లేకుండా అది జరిగే పని కాదు. అందుకే చిన్న బ్యాగులు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో, గోడకు ఆనకుండా, నేల మీద కాకుండా పీట మీద పెట్టండి.

దుకాణంలో విడిగా తూచి అమ్మే గోలీలు కొనకండి. అది ఎప్పుడు విప్పిన బస్తానో, తయారైన తేదీ ఏమిటో మీకు తెలియదు. మా దగ్గర ఒక దుకాణంలో కిలో ముప్పై రూపాయలు తక్కువ అని తెచ్చాను, పురుగు పట్టింది ఇంటికొచ్చాక కనిపించింది.

గోరువెచ్చని నీళ్లు

తిండి తాజాగానే ఉంది, కుక్క ఆరోగ్యంగానే ఉంది, అయినా తినట్లేదు. అప్పుడు ఇది. డ్రై ఫుడ్‌లో తేమ పది శాతం దాకా ఉంటుంది, అంతే. ఎండిపోయిన వస్తువుకు వాసన తక్కువ, తడిసి వేడెక్కిన వస్తువుకు ఎక్కువ. మొదటి వాన పడ్డాక నేల వాసన ఎందుకు లేస్తుందో ఆలోచించండి.

ఒక గ్లాసు గోలీలకు అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు. మరిగే నీళ్లు పోయకండి, గోలీల్లో కలిపిన కొన్ని విటమిన్లకు ఆ వేడి మంచిది కాదు, నాలుక కాలితే కుక్క ఆ గిన్నెనే చూసి భయపడుతుంది. పసిపిల్ల పాలు చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసి చూస్తే చాలు. పోసి, ఒకసారి కలిపి, పైన ఒక తలె మూత పెట్టండి. ఐదు నిమిషాలకు పైన మెత్తగా లోపల గట్టిగా ఉంటాయి, పది పన్నెండు నిమిషాలకు పూర్తిగా నానుతాయి. మా వాడికి ఐదు నిమిషాలవి ఇష్టం, మెత్తటి ముద్ద అయితే వద్దు. మీ కుక్కకు ఏది ఇష్టమో రెండు మూడు పూటలు అటూ ఇటూ చేసి చూడాలి. మూత తీసేది దాని ముందే తీయండి, ఆవిరితో పాటు వచ్చే ఆ మొదటి వాసనకే సగం పని అయిపోతుంది.

నానిన తిండి ఎక్కువసేపు ఉంచొద్దు. చలికాలంలో గంట, ఎండాకాలంలో అరగంట, తర్వాత పారేసి గిన్నె కడిగేయాలి. పొద్దున మిగిలింది రాత్రికి పెట్టే పని అసలే వద్దు, అది సద్దన్నం కాదు.

నీళ్ల గురించి ఒక మాట, మన జిల్లా కాబట్టి చెప్పాలి. బోరు నీళ్లు మరిగించి చల్లార్చి పోస్తున్నాం కదా అనుకుంటారు కొందరు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో మర్రిగూడ, మునుగోడు దిక్కు మనుషులు పడ్డ బాధ అందరికీ తెలిసిందే, పశువుల పళ్లు, బొక్కలు కూడా దాంతో దెబ్బ తింటాయి. మీరు ఏ నీళ్లు తాగుతున్నారో కుక్కకు కూడా అవే పోయండి.

పదిహేను నిమిషాల పద్ధతి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. కుక్క పాటిస్తుంది, ఇంట్లోవాళ్లు పాటించరు.

రోజుకు రెండు పూటలు, ఒకే టైము, ఒకే చోటు. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపు, రాత్రి ఏడు తర్వాత. గిన్నె పెట్టండి, బతిమాలకుండా పక్కకు వెళ్లిపోండి. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత తిన్నా తినకపోయినా గిన్నె తీసేయండి. తర్వాతి పూట దాకా నీళ్లు తప్ప ఇంకేమీ లేదు. బిస్కెట్ లేదు, రొట్టె తుంట లేదు, తింటున్న పళ్లెంలోంచి జారిపోయిన ముక్క కూడా లేదు. పొద్దున నుంచి రాత్రి దాకా గిన్నె నింపి ఉంచితే దానికి ఆకలి అనేదే తెలియదు, పైగా గోలీలు గాలికి మెత్తబడి చీమలు పడతాయి.

మొదటి రోజు కర్రోడు పొద్దున తినలేదు. మధ్యాహ్నం వచ్చి నా మోకాలి మీద తల పెట్టాడు. రాత్రి నాలుగు గోలీలు తిన్నాడు. రెండో రోజు పొద్దున మళ్లీ తినలేదు, నాకు గుండె ఆగినంత పనైంది, అమ్మ మాత్రం ప్రశాంతంగా ఉంది. అనుమానం వచ్చి అడిగితే, "ఒక్క రొట్టె ముక్కనే పెట్టిన రా, అంతే" అంది. పప్పులో ముంచి. సరే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. అందుకే మొదలుపెట్టే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి, పక్కింటి పిల్లలకు కూడా చెప్పండి. కుక్క ఏం తిన్నదీ గోడ మీద కాగితం అంటించి రాయమంటే ఇంకా మంచిది, రాయాల్సి వస్తే పెట్టే చెయ్యి కొంచెం ఆగుతుంది.

ఈ పద్ధతి కుక్కపిల్లలకు, కడుపుతో ఉన్న కుక్కకు, ముసలి కుక్కకు, మందులు వాడుతున్న కుక్కకు వద్దు. పెద్ద కుక్కలకు కూడా ఇరవై నాలుగు గంటల లెక్క మరిచిపోవద్దు.

తినకపోవడానికి ఇంకో మామూలు కారణం, మనం ఎక్కువ పెట్టడం. ఇరవై కిలోల పైన ఉండి, రోజంతా వాకిట్లో పడుకునే కుక్కకు రోజుకు వెయ్యి, పదకొండు వందల కేలరీలు చాలు. చాలా డ్రై ఫుడ్‌లు వంద గ్రాములకు 350 నుంచి 400 కేలరీలు ఇస్తాయి, అంటే రోజు మొత్తానికి సుమారు మూడు వందల గ్రాములు. బ్యాగు మీద రాసింది చూసి, ఒకసారి తూచి, అది మీ గ్లాసుకు ఎక్కడి దాకా వస్తుందో గీత పెట్టుకోండి. నేను గీత పెట్టక ముందు చేతికి వచ్చినంత పోసేవాణ్ణి, తూచి చూస్తే నాలుగు వందల యాభై ఉంది. మిగిలిస్తే అలక అనుకున్నాను!

ఇప్పుడు పైన ఏదైనా కలపాలంటే

వారం గడిచాక కూడా మొహం చిట్లిస్తుంటే అప్పుడు కలపండి. లెక్క ఏమిటంటే పైన కలిపేవన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. కర్రోడికి అది నూట పది కేలరీలు. ఒక ఉడికిన గుడ్డు డెబ్బై, తోలు తీసి ఉడికించిన చికెన్ యాభై గ్రాములకు ఎనభై, చిన్న చెంచా నెయ్యి నలభై. అంటే గుడ్డు పెడితే ఆ రోజు చికెన్ లేదు. కలిపిన మేరకు గోలీలు తగ్గించాలి, లేకపోతే ఆరు నెలల్లో కుక్క డ్రమ్ములా తయారవుతుంది.

అన్నిటికన్నా నాకు పని చేసింది బొక్కల నీళ్లు. ఆదివారం చికెన్ సెంటర్‌లో మెడలు, కాళ్లు అడిగితే తక్కువకు ఇస్తారు. అర కిలోకు లీటరున్నర నీళ్లు పోసి, ఇంకేమీ వేయకుండా, ఉప్పు కూడా వేయకుండా, సన్నని మంట మీద గంటన్నర ఉడికించండి. వడగట్టండి. ఆ బొక్కలు మాత్రం కుక్కకు వేయొద్దు, ఉడికిన బొక్క చీలి సూదిలా గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు తెల్లగా గడ్డ కడుతుంది, దాన్ని చెంచాతో తీసి పారేయండి, ఆ కొవ్వు ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి క్లోమం వాపు దాకా పోతుంది. కింద మిగిలిన జెల్లీ లాంటి దాన్ని ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి పెట్టుకోండి. పూటకు ఒక గడ్డ, గోరువెచ్చని నీళ్లలో కరిగించి గోలీల మీద పోస్తే చాలు. కరెంటు పోయి గడ్డలు కరిగిపోతే మళ్లీ గడ్డ కట్టించి వాడకండి, అదే రోజు వాడేయండి లేదా పారేయండి.

కోడి కార్జం కూడా బాగా పని చేస్తుంది, ఉడికించి, బొటనవేలి గోరంత ముక్కను నలిపి అన్ని గోలీలకు పట్టించాలి, వారానికి రెండుసార్లకు మించొద్దు, అందులో విటమిన్ ఏ చాలా ఎక్కువ. గుడ్డు ఉడికించే పెట్టండి, పచ్చి గుడ్డు వద్దు. పెరుగు ఒక చెంచా, ఎండాకాలంలో రెండు చెంచాలు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు, పెరుగులో ఆ పాల చక్కెర తక్కువ కాబట్టి తట్టుకుంటాయి. ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్ కొందరివి తింటాయి. మన బత్తాయి చూపించండి ఒకసారి, మీ కుక్క మొహం చూస్తే నవ్వాగదు. శాకాహారుల ఇంట్లో అయితే పెరుగు, గుమ్మడికాయ, గోరంత నెయ్యి, ఈ మూడూ చాలు.

ఏది కలిపినా అడుగు దాకా కలిసిపోవాలి. ముక్కలుగా పైన పెడితే అవి ఏరుకుని గోలీలు వదిలేస్తాయి, మా వాడైతే గోలీలను నాకి శుభ్రం చేసి మరీ వదిలేవాడు. రెండు మూడు వారాలు తిన్నాక నెమ్మదిగా తగ్గించండి.

మన వంటింట్లో ఉన్న విషాలు

మా అమ్మ కూర ఎందుకు ఆపానో చెబుతాను. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ రెండూ కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. ఉడికినా, వేగినా, పొడి అయినా అంతే. ఒకేసారి దాని బరువులో అర శాతం ఉల్లి తింటే విషం అంటారు, కర్రోడికి అది నూట పది గ్రాములు, అంటే రెండు చిన్న గడ్డలు. ఒక పూటలో అంత పోదు నిజమే, కానీ రోజూ కొంచెం కొంచెం పోయినా దెబ్బ తగులుతుంది. తునక కడిగి పెట్టినా పులుసు లోపలికి ఇంకే ఉంటుంది.

చింతపండు సంగతి చాలామందికి తెలియదు. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను పాడు చేస్తాయి, దానికి కారణం వాటిలోని టార్టారిక్ ఆమ్లం అని 2021 నుంచి పశువైద్యులు అనుకుంటున్నారు. చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లమే. కాబట్టి పచ్చిపులుసు, చారు, చేపల పులుసు, ఏదీ గోలీల మీద పోయకండి. చాక్లెట్ వద్దు, షుగర్ లేని తీపి పదార్థాల్లో వేసే జైలిటాల్ అసలే వద్దు. పల్లీలు మనకు ఇంటి పంట, ఉప్పు లేనివి వేయించి నాలుగు పెడితే ఏం కాదు, కానీ బూజు పట్టిన పల్లీలో మక్కలో "పారేయడం ఎందుకు, కుక్కకు వేద్దాం" అనుకోకండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. ఎండు చేపల వాసనకు ఏ కుక్కైనా పడిపోతుంది గానీ వాటిలో ఉప్పు ఎక్కువ.

గిన్నె, చీమలు

స్టీలు గిన్నె వాడండి, ప్లాస్టిక్ గీతల్లో పాత నూనె వాసన ఇరుక్కుంటుంది. సబ్బు వాసన పోయేదాకా కడగాలి, నిమ్మకాయ వాసన సబ్బు అయితే మరీ. చీమల కోసం గిన్నె చుట్టూ చీమల చాక్‌పీసు గీసేవాళ్లను చూశాను, అది పురుగుల మందు, కుక్క నాకేది ఆ నేలనే. వెడల్పాటి తలెలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెడితే సరిపోతుంది. గిన్నె పక్కన కూలర్ మోతో, పక్క వీధి కుక్క చూపో లేకుండా చూడండి, కొన్ని భయంతోనే తినవు.

ఇన్ని చేసినా ఆ తిండే నచ్చకపోతే అప్పుడు కంపెనీ మార్చండి, ఒక్కరోజులో కాదు. మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఏడు నుంచి పది రోజుల్లో పూర్తిగా. తొందరపడితే విరేచనాలు పట్టుకుంటాయి, అప్పుడు కొత్త తిండిని తిట్టి మళ్లీ పాతదానికి పోతారు.

కర్రోడు ఇప్పుడు ఐదు నిమిషాలు నానిన గోలీలు, బొక్కల నీళ్ల గడ్డ ఒకటి, రెండు పూటలా గిన్నె నాకేస్తున్నాడు. ఆదివారం నాడు అమ్మ పెట్టే జొన్నరొట్టె ముక్కను మాత్రం ఆపలేకపోయాను. పప్పులో ముంచకుండా ఉత్తదే పెట్టేలా ఒప్పందం కుదిరింది, ఆ రాత్రి వాడి గ్లాసు గీతకు ఒక వేలు కిందే ఆపుతున్నాను.